ప్రవచనాల వీడియోలను డౌన్‌లోడ్ చేసి దాచుకోవడానికి సరైన పద్ధతి ఏది?

ప్రశ్న: శ్రవణాభిలాషి

మా అమ్మగారు యూట్యూబ్‌లో భాగవత ప్రవచనాల వరుస ఒకదానిని చాలాకాలంగా వింటున్నారు. పన్నెండు స్కంధాలనూ ఒకే వ్యాఖ్యాత సాంతం చెప్పిన వరుస అది. భాగాలు వందకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కటి గంటకు తక్కువ కాకుండా సాగుతుంది. ఆమె ఉండే చోట ఇంటర్నెట్ నిలకడగా ఉండదు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడే తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది, అది ఆగిందనుకునేలోగా ప్రకటన వస్తుంది, ప్రకటన ముగిసేసరికి వ్యాఖ్యాత ఏ పద్యానికి అర్థం చెబుతున్నారో ఆ తీగ తెగిపోతుంది. పైగా చూపు తగ్గడం వల్ల చిన్న తెర మీద తరువాతి భాగాన్ని ఎంచుకోవడం ఆమెకు కష్టమవుతోంది. వేలు కొంచెం పక్కకు పడిందంటే, ప్రహ్లాద చరిత్ర వినబోయినవారు ఎవరో ఇద్దరు వాదులాడుకుంటున్న వీడియోలోకి వెళ్లిపోతున్నారు.

అందుచేత మొత్తం వరుసను డౌన్‌లోడ్ చేసి, ఇంటర్నెట్‌తో పని లేకుండా ఆమె చేతికి అందేలా చేయాలని నా ఆలోచన. యూట్యూబ్ యాప్‌లో ఉన్న డౌన్‌లోడ్ సౌకర్యం ఇందుకు సరిపోతుందా, లేక లింకు ఇస్తే వీడియోను దించి ఇస్తామని చెప్పే సైట్లను ఆశ్రయించాలా అన్నది నా మొదటి సందేహం. రెండవది, ధర్మబోధకు సంబంధించిన ప్రసంగాలను ఇలా దాచుకోవడానికి ఎవరి అనుమతైనా అవసరమా అన్నది. ఈ మధ్య ఆ ఛానల్‌లో కొన్ని భాగాలు ఉన్నట్టుండి కనిపించకుండా పోయాయి కనుక, మిగిలినవి కూడా పోతాయేమో అన్న ఆందోళన ఈ రెండింటికీ తోడయింది.

సమాధానం: పాతకాపు

శ్రవణాభిలాషి గారూ, మొదటి సందేహం వరకు నాకు తెలిసినది చెబుతాను.

యూట్యూబ్ యాప్‌లోని డౌన్‌లోడ్ సౌకర్యం నియమబద్ధమైనది, సురక్షితమైనది. కానీ మీరు కోరుకుంటున్నది అది కాదు. ఆ పద్ధతిలో దిగిన వీడియో ఆ యాప్‌లో మాత్రమే తెరుచుకుంటుంది. దానిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం గానీ, వేరొక పరికరంలో పెట్టి వినిపించడం గానీ కుదరదు. ప్రీమియం సభ్యత్వం తీసుకున్నవారు కూడా కనీసం 30 రోజులకొకసారి ఫోనును ఇంటర్నెట్‌కు కలపవలసి ఉంటుంది. లేకపోతే దించుకున్నవి ఆడవు. మీ ఆందోళనకు నేరుగా సంబంధించిన విషయం మరొకటి ఉంది. ఛానల్ వారు ఒక వీడియోను తొలగించినా, ఎవరికీ కనిపించకుండా మార్చినా, మీ ఫోను మళ్లీ ఇంటర్నెట్‌కు కలిసినప్పుడు మీరు దించుకున్న ప్రతి కూడా పోతుంది. అంటే, ఇంటర్నెట్ లేని సమయంలో వినడానికి అది పనికివస్తుంది గానీ, శాశ్వతంగా దాచుకోవడానికి పనికిరాదు.

లింకు ఇస్తే దించి ఇస్తామనే సైట్ల జోలికి వెళ్లవద్దనే నా సలహా. సేవ యూట్యూబ్‌దే అయినా వీడియో వేరొకరిది కనుక, తాము అనుమతించిన మార్గంలో తప్ప డౌన్‌లోడ్ చేయరాదని, ఇతర మార్గాలకు తమ నుంచి, హక్కుదారు ఉన్నచోట హక్కుదారు నుంచి కూడా ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి ఉండాలని యూట్యూబ్ నిబంధనల్లోనే ఉంది. నిబంధన మాట అలా ఉంచినా, ఆ సైట్లు ఎలా పనిచేస్తాయో ఒకసారి గమనించండి. పేజీలో డౌన్‌లోడ్ అని రాసి ఉన్న బొత్తాలు నాలుగైదు కనిపిస్తాయి, వాటిలో అసలైనది అన్నిటికన్నా చిన్నదిగా ఉంటుంది. తక్కినవి ప్రకటనలు. ఒకదానిని నొక్కితే నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతుంది. ఇచ్చారా, ఆ రోజు నుంచి మీ ఫోనులో వైరస్ ఉందంటూ దొంగ హెచ్చరికలు రాత్రింబవళ్లు వస్తూనే ఉంటాయి. మరొకటి ఏపీకే ఫైలును, అంటే ఫోనులో తెలియని యాప్‌ను ఎక్కించే ఫైలును, అంటగడుతుంది. పెద్దవాళ్లు వాడే ఫోనులో, అదే ఫోనులో బ్యాంకు యాప్ కూడా ఉన్నప్పుడు, ఇది చిన్న విషయం కాదు.

ఇంతలోగా మీ అమ్మగారి వేలి ఇబ్బందికి ఒక ఉపాయం చేయవచ్చు. ఆ భాగాలన్నిటినీ ఒక ప్లేలిస్టుగా కూర్చి, ఆ ప్లేలిస్టు లింకునే ఫోను మొదటి తెర మీద పెట్టండి. ప్లేలిస్టులో ఒక భాగం ముగిస్తే వరుసలోని తరువాతి భాగమే వస్తుంది కనుక, ఆమె తెరను తాకవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

సమాధానం: నిర్మొహమాటి

పాతకాపు గారు చెప్పిన సాంకేతిక విషయాలతో నాకు పేచీ లేదు. అయితే అనుమతి అన్న మాట ఇక్కడ ఎందుకు వస్తోందో నాకు బోధపడటం లేదు. భాగవతం ఎవరి సొత్తు? పోతన పద్యాలకు హక్కుదారు ఎవరు? విద్యాదానానికి మించిన దానం లేదని వేదికల మీద చెప్పేవారే, ఆ విద్యను ఒక ముసలితల్లి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వింటానంటే అనుమతిపత్రం అడుగుతారా? వినాలన్న కోరిక ఉన్నవారికి వినిపించడమే బోధకుడి ఉద్దేశమైనప్పుడు, అది ఏ మార్గంలో వారి చెవిని చేరితే ఏమిటి? నా దృష్టిలో దించుకోవడం తప్పు కాదు, పది మందికి పంచడం కూడా తప్పు కాదు.

సమాధానం: భాష్యపాఠకురాలు

నిర్మొహమాటి గారి ఆవేదన అర్థమవుతోంది గానీ, ఆయన వేరువేరుగా చూడవలసిన రెండు విషయాలను కలిపి మాట్లాడారు. పోతన పద్యాలు ఎవరి సొత్తూ కావు, అవి అందరివీ. ఆ మాటకు ఎదురు లేదు. కానీ ఆ పద్యాన్ని తీసుకుని ఒక వ్యాఖ్యాత గంటసేపు చెప్పిన వివరణ ఆయన సొంత రచనే అవుతుంది, దానిని చిత్రీకరించినవారికి ఆ చిత్రీకరణ మీద వేరే హక్కు ఉంటుంది. ఇదేదో ఈ కాలంలో పుట్టిన వ్యాపార బుద్ధి అనుకోవడానికి వీల్లేదు. గ్రంథస్వామ్యానికి సంబంధించి 1886లో దేశాల మధ్య కుదిరి, తరువాత పలుమార్లు సవరణలు పొందిన బెర్న్ ఒప్పందంలో, రక్షణ పొందే రచనలు ఏవేవో చెప్పే రెండవ అధికరణంలోనే ఉపన్యాసాలతో పాటు మతప్రబోధాలను కూడా పేరు పెట్టి చేర్చారు. ఆ ఒప్పందం ప్రకారం హక్కు కోసం ఎక్కడా నమోదు చేయించుకోనక్కరలేదు. సాధారణంగా ఆ రక్షణ రచయిత జీవితకాలంతో పాటు కనీసం మరో 50 సంవత్సరాలు ఉంటుంది. సొంతంగా వినడానికి ఒక ప్రతిని ఉంచుకునే విషయంలో ఒక్కొక్క దేశపు చట్టం ఒక్కొక్క విధంగా ఉంటుంది గానీ, ఇతరులకు పంచడానికీ, తిరిగి అప్‌లోడ్ చేయడానికీ అనుమతి కావాలన్నది దాదాపు అంతటా ఉన్న నియమమే.

అయితే చట్టం కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే సంగతి వేరొకటి ఉంది. మన వ్యాఖ్యాన సంప్రదాయంలో ముందుగా పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, నిలబెడతారు; తరువాత దానిని ఖండించి సిద్ధాంతాన్ని స్థాపిస్తారు. మంచి వ్యాఖ్యాత పూర్వపక్షాన్ని పలచన చేయకుండా, ఎదుటివాడు తానే వచ్చి వాదిస్తున్నాడా అన్నంత బలంగా చెబుతాడు. ఒక్కొక్కసారి పావుగంట దాకా అదే నడుస్తుంది. పంచుకునే చేతుల్లో పడినప్పుడు ఆ గంట ప్రసంగం గంటగా మిగలదు. ఎవరో ఆ పావుగంటలో నుంచి నిమిషం ముక్కను కోసి, వ్యాఖ్యాత ముఖచిత్రం మీద పెద్ద అక్షరాలు వేసి పంపిస్తారు. విన్నవారికి, కర్మలన్నీ నిష్ఫలమని ఈయనే ప్రకటించినట్టు కనిపిస్తుంది. ఆ మాటను ఆయన మరుసటి నిమిషంలోనే ఖండించారన్న సంగతి ఆ ముక్కలో ఉండదు. బోధకుల సంస్థలు అనుమతి విషయంలో పట్టుగా ఉండటానికి నాకు తెలిసినంతలో ముఖ్యమైన కారణం ఇదే. డబ్బు ప్రసక్తి చాలాచోట్ల లేనే లేదు. ఇప్పుడు కృత్రిమ మేధతో గొంతును కూడా అనుకరించి అనని మాటలను అనిపిస్తున్నారు కనుక, ఆ జాగ్రత్త ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇందుకు తగిన మార్గాలు లేకపోలేదు. తమ కృతిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో హక్కుదారులు ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో, మూలాన్ని మార్చకుండా యథాతథంగా పంచుకోవచ్చు గానీ, కోసి మార్చినదానిని పంచరాదు అని చెప్పే రకం ఒకటి ఉంది. ప్రబోధాలకు అది అతికినట్టు సరిపోతుంది. యూట్యూబ్‌లో మాత్రం ఆ రకం ఎంచుకునే వీలు లేదు. అక్కడ ఉన్నది మూలకర్త పేరు చెబితే మార్చుకోవడానికి కూడా అనుమతించే రకం ఒక్కటే. అందువల్ల కూడా కొందరు యూట్యూబ్‌లో మామూలు హక్కులు అట్టిపెట్టుకుని, డౌన్‌లోడ్ కోసం వేరే చోటు చూపిస్తారు. బౌద్ధంలో థానిస్సరో భిక్షువు ప్రసంగాలు ధమ్మటాక్స్ సైటులో ఎంపీ3 ఫైళ్లుగా ఉన్నాయి. వ్యాపారం కోసం కాకపోతే ఎవరైనా వాటిని దించుకుని పంచుకోవచ్చు. 1996లో ప్రారంభమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా అనేక మతాల ప్రసంగాలు దొరుకుతాయి, అక్కడ డౌన్‌లోడ్ సౌకర్యం పేజీలోనే ఉంటుంది. కాకపోతే వాటిని పెట్టినవారు హక్కుదారులేనా అన్నది చూసుకోవాలి, ఎందుకంటే అభిమానులు తమంత తాముగా ఎక్కించినవి కూడా అందులో ఉంటాయి.

కాబట్టి శ్రవణాభిలాషి గారు చేయవలసిన మొదటి పని, వీడియో కింద ఉన్న వివరణను చివరి వరకు చదవడం. సంస్థ సొంత వెబ్‌సైటు లింకు, పాడ్‌కాస్ట్ లింకు చాలాసార్లు అక్కడే ఉంటాయి, ఎవరూ అంతవరకు చదవరు. పాడ్‌కాస్ట్ ఉంటే మీ పని సులువవుతుంది, ఎందుకంటే శ్రోత దించుకుని వినడం కోసమే ఏర్పడిన పద్ధతి అది. ఏమీ కనిపించకపోతే నిర్వాహకులకు నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి: వినేది ఎవరు, ఇంటర్నెట్ ఇబ్బంది ఏమిటి, ఏ వరుస కావాలి, ఎవరికీ పంచబోమన్న హామీ. ఇలాంటి ఉత్తరాలు వారికి రావడమే అరుదు.

కనిపించకుండా పోయిన భాగాల గురించి కూడా అదే ఉత్తరంలో అడగండి. వ్యాఖ్యాత ఒక శ్లోకాన్ని పొరబాటుగా ఉదాహరించినప్పుడో, ధ్వని సరిగా రానప్పుడో పాతదానిని తొలగించి సవరించినదానిని పెట్టడం మామూలే. ఎవరికి తోచినట్టు వారు దించి పంచితే, బోధకుడు వెనక్కి తీసుకున్న ఆ మాటే ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది.

సమాధానం: నిర్మొహమాటి

పూర్వపక్షం ముక్క గురించి మీరు చెప్పినది నేను ఆలోచించని కోణమే. పంచడం గురించి అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఒక తల్లి ఇంట్లో కూర్చుని వినడానికి ఉత్తరాలు రాయవలసి రావడం మాత్రం నాకు ఇప్పటికీ రుచించడం లేదు.

సమాధానం: ధ్వనిలేఖరి

అనుమతి వచ్చాక చేయవలసిన పని గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. చాలామంది శ్రమ వృథా అయ్యేది ఇక్కడే.

మీ అమ్మగారికి చూపు తగ్గిందన్నారు. అటువంటప్పుడు వీడియో అవసరమా? వ్యాఖ్యాత కూర్చుని చెప్పే ప్రవచనంలో చూడవలసినది తక్కువ, వినవలసినదే అంతా. సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ల చొప్పున ఉన్న వీడియో గంటకు సుమారు 675 ఎంబీ ఆక్రమిస్తుంది. అదే గంటను సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున మోనో (ఒకే ధ్వనిమార్గం ఉన్న) ఆడియోగా ఉంచితే 29 ఎంబీకి మించదు. మాటకు ఆ నాణ్యత చాలు, సంగీతానికైతే చాలదు. 32 జీబీ కార్డులో వీడియోలైతే నలభై ఏడు గంటలకు మించి పట్టవు. ఆడియో అయితే వెయ్యి గంటలకు పైగా పడుతుంది. మీ వరుస మొత్తం ఆ కార్డులో ఒక మూలకు సరిపోతుంది. నిర్వాహకులను అడిగేటప్పుడు ఆడియో ఫైళ్లనే అడగండి. వారికి కూడా పంపడం తేలిక.

ఇక ఫైళ్ల పేర్లు. పెన్‌డ్రైవ్‌తో ఆడే చిన్న స్పీకర్లలో పేర్లను అక్షరక్రమంలో పేర్చే రకాలు ఉన్నాయి. వాటికి అంకెల విలువ తెలియదు. భాగాలకు 1, 2, 3 అని పేర్లు పెడితే 1 తరువాత 10, ఆ తరువాత 100, 101 వస్తాయి. 2 ఎక్కడో వెనకబడుతుంది. ధ్రువుడు అడవికి బయలుదేరగానే కృష్ణుడు ద్వారకలో ప్రత్యక్షమవుతాడు. అందుకే 001, 002 అని మూడంకెలతో మొదలుపెట్టి, పక్కన స్కంధం సంఖ్య, ఘట్టం పేరు రాయండి. ఫైళ్లను కార్డులోకి ఎక్కించిన క్రమంలోనే ఆడే పరికరాలు కూడా ఉన్నాయి. పేర్లు ఎంత చక్కగా పెట్టినా వాటికి పట్టదు. అలాంటిదాని కోసమైతే ఖాళీ కార్డులోకి ఒక్కొక్క స్కంధాన్ని ఒక్కొక్క ఫోల్డరుగా, వరుస తప్పకుండా ఎక్కించాలి.

పరికరం కొనేటప్పుడు, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలయ్యే సౌకర్యం ఉందో లేదో దుకాణంలోనే పరీక్షించండి. ఒక ఫైలును సగంలో ఆపి, పూర్తిగా స్విచ్ ఆపేసి, మళ్లీ వేసి చూస్తే తెలిసిపోతుంది. పాటలు వినేవారికి దీనితో పని ఉండదు గానీ, గంట ప్రసంగం వినే పెద్దవారికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బొత్తాలు చేతికి తగిలేలా ఎత్తుగా ఉన్నవి చూడండి, తాకే తెర ఉన్నవి వద్దు.

వీడియోనే కావాలనుకుంటే ఒక్క హెచ్చరిక. పాత పద్ధతిలో సిద్ధం చేసిన, అంటే ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న కార్డులోకి 4 జీబీకి చేరిన ఫైలు ఎక్కదు. వాట్సాప్‌లో పంపుకునేటట్లయితే వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి. లేకపోతే అది నాణ్యతను తగ్గించి పంపుతుంది. డాక్యుమెంటుకు 2 జీబీ వరకు వీలుంది.

అసలు ప్రతిని కంప్యూటరులో గానీ, వేరొక డ్రైవులో గానీ ఉంచండి. నిత్యం వాడే పెన్‌డ్రైవ్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

ప్రశ్నించినవారి స్పందన: శ్రవణాభిలాషి

అందరికీ కృతజ్ఞతలు. వీడియోల కింది వివరణను చివరి దాకా చదివితే సంస్థ ఈమెయిలు చిరునామా దొరికింది. పాడ్‌కాస్ట్ మాత్రం లేదు. భాష్యపాఠకురాలు గారు చెప్పిన ధోరణిలోనే ఉత్తరం రాశాను. ప్రచురణల బాధ్యత చూసే వ్యక్తి జవాబిచ్చారు. మొత్తం వరుస ఆడియో ఫైళ్లు తమ వద్ద విడిగా ఉన్నాయని, వాటిని దించుకోవడానికి ఒక లింకు ఇస్తున్నామని, ఇంట్లో వినడానికి అభ్యంతరం లేదని, తిరిగి అప్‌లోడ్ చేయడం గానీ ముక్కలుగా కోసి పంపడం గానీ చేయవద్దని రాశారు. కనిపించకుండా పోయిన భాగాలు షష్ఠ స్కంధానికి చెందినవట. అజామిళోపాఖ్యానంలో నామమహిమ గురించి చెప్పినచోట వివరణ తప్పుగా అర్థమయ్యేలా ఉందని వ్యాఖ్యాత స్వయంగా భావించి, మళ్లీ రికార్డు చేయించారట. కొత్తవి ఆ లింకులోనే ఉన్నాయి.

నిర్మొహమాటి గారికి ఒక్క మాట: ఉత్తరం రాయడానికి పట్టిన సమయం కన్నా ఆ డౌన్‌లోడ్ సైట్లలో అసలు బొత్తాన్ని వెతకడానికే నాకు ఎక్కువ సమయం పట్టేది.

ధ్వనిలేఖరి గారు చెప్పిన ప్రకారం ఫైళ్లకు పేర్లు పెడుతున్నాను. ఒక చిన్న సందేహం మిగిలింది. మొదటి స్కంధంలోని కొన్ని పాత రికార్డింగులలో ధ్వని బాగా తక్కువగా ఉంది, తరువాతివి హెచ్చుగా ఉన్నాయి. ఒక భాగానికి పెంచిన శబ్దం మరుసటి భాగానికి అదిరిపడేలా ఉంటోంది. వీటిని సరిచేసుకుంటే, వారు పెట్టిన షరతులకు అది విరుద్ధమవుతుందా?

సమాధానం: ధ్వనిలేఖరి

వారు వద్దన్నది కోయడాన్ని, తిరిగి ఎక్కించడాన్ని; ఇంట్లో వినే ప్రతికి ధ్వని స్థాయిని సరిచేసుకోవడం వాటి కిందికి రాదని నా అభిప్రాయం. అయినా మీకు జవాబిచ్చే మనిషి ఉన్నారు కనుక, ఒక వాక్యం రాసి అడగడమే మర్యాద. ఒప్పుకుంటే, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అన్న సౌకర్యంతో అన్ని భాగాలనూ ఒకే స్థాయికి తేవచ్చు. అసలు ఫైళ్లను అలాగే ఉంచి, సరిచేసిన వాటిని వేరే ఫోల్డరులో భద్రపరచండి. వీలైతే మొదటి స్కంధం పాత రికార్డింగులు అలా ఉన్నాయని వారికి కూడా తెలియజేయండి. బహుశా వారి దృష్టికి ఎవరూ తెచ్చి ఉండరు.